కొలవని పది గజాలు

కాజ్ డొంబ్రోవ్‌స్కీ నోరు తెరిస్తే అందులో నిజం పాలెంత అని మా పోర్ట్ లాడ్‌లోలో ఎవరూ అడగరు. అడిగితే ఇంకో గంట చెబుతాడు. ఒకసారి చేపలవేటకి పోయి ఒట్టి చేతులతో వచ్చి, చేప పెద్దదై పడవలో పట్టలేదని చెప్పిన మనిషి. అలాంటివాడికి ముప్పై ఏళ్లుగా మా ఊరి ఫుట్‌బాల్ స్టేడియంలో కొలత పని అప్పజెప్పారంటే మా ఊరి సంగతి మీరే అర్థం చేసుకోండి.

కొలత పనంటే గొలుసు పట్టడం. మాది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, బంతి చేత పట్టుకుని పరిగెత్తే ఆట. పది గజాల గొలుసు, రెండు చివర్లా రెండు కర్రలు. వెనక కర్ర కాజ్‌ది, ముందు కర్ర ఫ్లాయిడ్ ప్రూట్‌ది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి పోతే బంతి మనదగ్గరే ఉంటుంది, పోలేకపోతే అవతలివాళ్ల పాలవుతుంది. పోయామా లేదా అని అనుమానం వస్తే రిఫరీ చెయ్యెత్తుతాడు, ఈ ఇద్దరూ గొలుసు మోసుకొచ్చి కొలుస్తారు. వారమంతా కాజ్ బళ్లో డ్రిల్లు మాస్టారు, ఫ్లాయిడ్ పోస్ట్‌మన్. ఇప్పుడు ఇద్దరూ రిటైరయ్యారు, ఆదివారాలు గొలుసొక్కటే మిగిలింది.

ఇంకో మాట. గొలుసు పట్టేవాళ్లు స్టేడియం మనుషులు, జట్టు మనుషులు కారు. జట్టు పొరుగూరు వెళ్లిందనుకోండి, అక్కడి గొలుసు అక్కడివాళ్లే పడతారు, మావాళ్లు మాతోపాటు టీవీ ముందు కూర్చోవాల్సిందే. ఆ ఆదివారం పొద్దున డొలోరెస్ హోటల్లో అదే జరుగుతోంది. ఒంటిగంటకి ప్లేఆఫ్ ఆట, అంటే లీగు ముగిశాక పైజట్లు ఆడే నాకౌట్. టల్సాలో. మా ఊళ్లో జరగాల్సిన ఆట అది. మా జట్టు పుట్టాక ప్లేఆఫ్ ఆట మా గడ్డ మీద ఒక్కసారీ జరగలేదు. ఈసారి గుమ్మందాకా వచ్చి వెనక్కి పోయింది.

ఫ్లాయిడ్‌కి మార్చిలో డెబ్బై నిండుతాయి. డెబ్బై నిండితే కర్ర అప్పజెప్పాలని స్టేడియంవాళ్ల రూలు. అంటే ఇక అయిపోయినట్టే. జలుబు చేసిందని రెండు వారాలు ఇంట్లోంచి కదల్లేదు మహానుభావుడు. ఆరోజు కాజే వెళ్లి కారులో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. మూల బల్ల దగ్గర కోటు విప్పకుండానే కూర్చున్నాడు. డొలోరెస్ పెట్టిన గుడ్లు చల్లారిపోతున్నాయి.

నేను ఆర్చీని. కౌంటీకి, అంటే మా జిల్లాకి, మంచు తీసే లారీ నడుపుతాను. నాకు ఎదురుగా మంగలి హెర్షెల్. అతని షాపులో గడ్డం గీయించుకోని మగాడు ఊళ్లో లేడు కాబట్టి ఊరి మాటలన్నీ ముందు అతని చెవినే పడతాయి. ఆరోజు పేపరు మడిచి బల్ల మీద కొట్టాడు.

"చదివారా? 'కొలతలో జాప్యం' అని రాశాడు. జాప్యమట! నా షాపులో అందరూ అదే అంటున్నారు. ఆ గొలుసు దగ్గర ఎవడో ఏదో చెడగొట్టాడు. లేకపోతే రిఫరీ చెయ్యెత్తాక కొలవడానికి ఎంతసేపు పడుతుంది? అర నిమిషం. ఆ వెధవెవడో నా కుర్చీలో దొరకాలి, సగం గుండు గీసి పంపిస్తాను."

తప్పు హెర్షెల్‌ది కాదు. ఊరంతా అలాగే కాలిపోయి ఉంది. రెండు వారాల కింద ఇదే టల్సా జట్టు మా ఊరొచ్చింది, లీగులో చివరాట. వాళ్లకి అప్పటికి పన్నెండు గెలుపులు, మాకు పదకొండు. ఆరోజు గెలిస్తే మాకూ పన్నెండు, ఇద్దరం సమానం. సమానమైతే ఎవరు ఎవర్ని ఓడించారని చూస్తారు, అప్పుడు పైమెట్టు మాది, ప్లేఆఫ్ మా ఊళ్లో. నాలుగు నిమిషాలుంది, మూడు పాయింట్లు మేమే ముందున్నాం. మావాడు బంతి పొట్టకి కరుచుకుని దూకాడు. పది గజాలు దాటి ఉంటే బంతి మాదే, గడియారం తిప్పుకుంటూ కూర్చుంటే ఆట అయిపోతుంది. రిఫరీ చెయ్యెత్తాడు, గొలుసు తెమ్మన్నాడు. సరిగ్గా అప్పుడు సరస్సు మీంచి మంచు విరుచుకుపడింది. చెయ్యి చాపితే వేళ్లు కనపడలేదు. కొంచెం తగ్గనీ అని రిఫరీ ఆపాడు. తగ్గలేదు. కౌంటీ రోడ్లు మూసేసింది. నాలుగు రోజులు మూసే ఉంచింది. ఈలోపు ప్లేఆఫ్‌లు మొదలయ్యే రోజు వచ్చేసింది, ఇక ఆడించే తీరిక లేదని లీగు ఆ ఆటే లేదనేసింది. తుడిచేసింది. వాళ్లకి పన్నెండు, మాకు పదకొండు.

"గొలుసు దగ్గర ఎవడూ ఏమీ చెడగొట్టలేదు," అన్నాడు కాజ్. ఫోర్కు కింద పెట్టాడు. అతను ఫోర్కు కింద పెట్టాడంటే ఇక ఆ పూట మన పనులు మానుకోవాల్సిందే. "వినండి. అక్కడున్నవాణ్ని నేను. పేపరువాడు ప్రెస్ గదిలో హీటరు పక్కన కూర్చుని సూపు తాగుతున్నాడు, వాడికేం తెలుసు? అందరూ పరిగెత్తారు. ఆటగాళ్లు, కోచ్‌లు, కెమెరావాళ్లు, ఆ ఆడపిల్లలు డాన్సు చేసేవాళ్లు, అందరూ. నేనొక్కణ్ని కర్ర వదల్లేదు. అంతే. గొప్ప కోసం చెప్పట్లేదు."

"అవును, నీకు గొప్పలంటే గిట్టదు కదా," అంది డొలోరెస్ కాఫీ పోస్తూ.

"నువ్వు పొయ్యమ్మా, మాట్లాడకు. చూడు, గొలుసుకి ప్రాణం ఎక్కడుందో మీకెవరికీ తెలీదు. క్లిప్పులో ఉంది. ఇంతే క్లిప్పు, బొటనవేలంత. మైదానంలో ఐదేసి గజాలకి ఒక గీత ఉంటుందా, ఆ గీత మీద గొలుసులో ఏ లంకె పడిందో అక్కడ క్లిప్పు పెడతాం. గొలుసుని మైదానం మధ్యకి తెచ్చేటప్పుడు క్లిప్పు ఈ రెండు వేళ్ల మధ్య పట్టుకుని అదే గీత మీద ఆనించాలి. అది జారిందా, ఇక గొలుసు ఎక్కణ్నించి కొలుస్తోందో దేవుడు కూడా చెప్పలేడు. ముప్పై ఏళ్లలో నా వేళ్లలోంచి క్లిప్పు జారలేదు. ఆరోజూ జారలేదు. రిఫరీ వచ్చి, 'కాజ్, లోపలికి పద, చచ్చిపోతావ్' అన్నాడు. 'అయ్యా, మీరు కొలత అడిగారు, కొలిచేదాకా నేను కదలను, అది రూలు' అన్నాను. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కింద పడేలోపే గడ్డకట్టాయి, టప్ టప్ మని చప్పుడు."

హెర్షెల్ నావైపు చూశాడు. నేను టోస్టు వైపు చూశాను.

"అరగంట నిలబడ్డానా, మంచు మోకాళ్లదాకా వచ్చింది. గంటకి నడుముదాకా. నాకేం భయం, మా నాన్న కొలిమిలో పనిచేశాడు, మా ఒంట్లో వేడెక్కువ. రెండు గంటలకి గడ్డందాకా వచ్చింది. అప్పుడు టోపీ తీసి కర్ర మీద పెట్టాను, పైనుంచి చూసేవాడికి కొలత ఎక్కడుందో తెలియాలి కదా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మునిగిపోయాను. నిలువునా. గోల్ స్తంభాలే మునిగిపోతే నేనెంత? కానీ రెండు వేళ్ల మధ్య క్లిప్పు మాత్రం అలాగే ఉంది."

"ఊపిరెలా ఆడిందయ్యా?" అన్నాను. ఊరుకోవచ్చు కదా నేను.

"కర్ర బోలు కర్ర కాదూ! పైన నోరు పెట్టి పీల్చాను. నువ్వడగడం కూడా బాగానే ఉంది ఆర్చీ. రెండో రోజు నీ లారీ నా నెత్తి మీంచే పోయింది. రేడియోలో ఏ పాట పెట్టుకున్నావో చెప్పమంటావా?"

"నేను ఆ నాలుగు రోజులూ స్టేడియం దరిదాపులకే రాలేదు. హైవే మీదున్నాను."

"దారి తప్పి వచ్చావు. నీకు తెలీదు. మంచులో నీకేం కనపడుతుంది?" అనేశాడు. నిజంగానే మంచులో ఏమీ కనపడలేదు.

ఫ్లాయిడ్ కప్పు ఎత్తబోయి మళ్లీ సాసర్లో పెట్టేశాడు. కాజ్ అటు చూసీ చూడనట్టు గొంతు ఇంకొంచెం పెంచాడు.

"ఆకలి వేయలేదా అని అడగరేం? వేసింది. కానీ ఆ గాలి మంచుని మాత్రమే తేలేదు బాబూ, సరస్సునే తెచ్చింది. రెండో రోజు పొద్దున నా మొహం పక్కనుంచి ఒక పెర్చి చేప ఈదుకుంటూ పోయింది. మంచులో! తోక పట్టుకుని ఆపాను. రెండోది వచ్చింది. మూడోది వచ్చి నావైపు చూసి, జాలిపడి అదే ఆగింది. అలా గడిచింది. మూడో రోజుకి మంచులో సొరంగం తవ్వుకుంటూ ఎవరో వస్తున్నారు. ఎవరనుకున్నారు? టల్సా జట్టు బంతి విసిరేవాడు. ఆరున్నర అడుగుల మనిషి, చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. వాళ్ల బస్సు పార్కింగులోనే పూడిపోయిందట. 'బాబాయ్, నిజం చెప్పు, మీవాడు పది గజాలు దాటాడా?' అన్నాడు. నేనేమన్నానో తెలుసా?"

"దాటాడన్నావు," అన్నాడు హెర్షెల్.

"కొలవకుండా ఎలా అంటాను? కొలిచేవాడిని నేను. 'తెలీదు నాయనా, కొలవనివ్వలేదు' అన్నాను. వాడు నా కాళ్ల మీద పడి, 'మేం దొంగ మెట్టు ఎక్కుతున్నాం బాబాయ్, ఆ ఆట మా ఊళ్లో ఆడాలంటే మాకు సిగ్గేస్తోంది' అన్నాడు. కాగితం మీద రాసిచ్చాడు కూడా. గెలుపు పోర్ట్ లాడ్‌లోదే అని. సంతకంతో సహా."

"ఏదీ కాగితం?"

"ఉడత తినేసింది."

హెర్షెల్ నవ్వాడుగానీ అందులో పస లేదు. గోడ మీద టీవీలో టల్సా చూపిస్తున్నారు. ఎండ కాస్తోంది అక్కడ. జనం చొక్కాలతో తిరుగుతున్నారు. డొలోరెస్ రిమోట్ తీసుకుని టీవీ గొంతు పూర్తిగా తగ్గించింది.

"నాకొకటి చెప్పు కాజ్," అన్నాడు హెర్షెల్, నవ్వు ఆపి. "మనం మూడు పాయింట్లు వెనకబడి ఉన్నామనుకో. బంతి వాళ్లదనుకో. అప్పుడు మంచు పడితే మనం ఏమనేవాళ్లం? దేవుడు కాపాడాడు అనేవాళ్లం. లీగుని తిట్టేవాళ్లమా? నాకు రాత్రి పడుకుంటే అదే ఆలోచన. ఇందులో ఎవడి మోసమూ లేదు. మోసమైతే వాణ్ని తన్నొచ్చు. ఎవడిదీ కానప్పుడు ఈ కోపం ఎవడి మీద చూపించాలి? అందుకే గొలుసువాడు దొరకాలంటున్నా. ఎవడో ఒకడు దొరక్కపోతే నేను బతకలేను."

ఎప్పుడూ కత్తెర ఆడిస్తూ జోకులేసే మనిషి అన్న మాట అది. మా ఊళ్లో ఇనుప కొలిమి ఫ్యాక్టరీ మూసేసి పదిహేనేళ్లైంది. రేవులోకి పడవ రావడం మానేసి అంతకంటే ఎక్కువైంది. ఆదివారం మూడు గంటలు మేం కూడా ఒక ఊరివాళ్లం అనిపించేది ఆ స్టేడియంలోనే. ఒక్క ప్లేఆఫ్ చూడాలని మా నాన్న పాతికేళ్లు ఏటా ఒకే సీటుకి టిక్కెట్టు కొన్నాడు. ఆయన పోయాక ఆ సీటు నాకొచ్చింది. రాబోయే ఏడు జట్టులో సగంమంది ఉండరు, పెద్ద ఊళ్లవాళ్లు ఎక్కువిచ్చి ఎగరేసుకుపోతారు. ఇలాంటి ఏడాది మళ్లీ రాదని హోటల్లో ఉన్న ప్రతివాడికీ తెలుసు.

కాజ్‌కి నిశ్శబ్దం అంటే పడదు. బల్ల మీదికి వంగాడు.

"ఎవడో ఒకడు కావాలా? లీగు పెద్దనే దొరకబుచ్చుకున్నాను నేను. నాలుగో రోజు హెలికాప్టర్లో దిగాడు. ఆ గాలికి మంచు ఎగిరిపోయి నా తల బయటపడింది. సూటు, బూటు, మెళ్లో ఉన్ని గుడ్డ. 'ఆట రద్దు చేశాం, కర్ర తియ్యి' అన్నాడు. 'నేను తియ్యను. నేను కర్ర తియ్యనంతవరకూ ఆట అయిపోనట్టే' అన్నాను. వాడు తెల్లబోయాడు. పుస్తకం తీసి చూశాడు. రూలు ఉంది! నలభై పేజీలు తిరగేశాడు, ప్రతి పేజీలోనూ అదే రూలు. సరే నాణెం ఎగరేద్దాం, ఎవరు గెలిస్తే వాళ్ల ఊళ్లో ప్లేఆఫ్ అన్నాడు. ఎగరేశాడు. ఏం పడిందో తెలుసా?"

"నిలువుగా పడింది," అన్నాం నేనూ డొలోరెస్ ఒకేసారి.

"నిలువుగా! మంచులో గుచ్చుకుని నిలబడింది. మళ్లీ ఎగరేశాడు, నిలబడింది. మూడోసారి అసలు కిందికే రాలేదు. అప్పుడు నాకొక సంగతి తట్టింది. చలికి ఇనుము ముడుచుకుంటుంది కదా? నాలుగు రోజుల చలి! పది గజాల గొలుసు తొమ్మిది గజాలకి వచ్చేసింది. అంటే మనవాడు దాటాడు! గజం ఎక్కువే దాటాడు! 'చూడండయ్యా' అన్నాను. ఆ మనిషి వంగి చూసి, 'చలికి ముడుచుకున్న గొలుసు చెల్లదు, ఎండాకాలం వచ్చాక కొలుద్దాం' అన్నాడు. ఎండాకాలం! ఎండాకాలానికి ప్లేఆఫ్ ఎవడిక్కావాలి? నాకు ఒళ్లు మండింది. ఆ మంటకి గొలుసు ఎర్రగా కాలింది. కాలి సాగింది. పదయింది, పన్నెండయింది, ఇరవయ్యయింది. సాగుతూనే ఉంది. ఫ్లాయిడ్ ఆ చివర కర్ర పట్టుకుని పోతూనే ఉన్నాడు."

ఫ్లాయిడ్ తలెత్తాడు.

"అవును, ఫ్లాయిడే! నేనొక్కణ్నే గొప్ప అంటున్నానా? ఇటు నేను, అటు వీడు. వీడూ కదల్లేదు, వదల్లేదు. గొలుసు సాగేకొద్దీ వీడు నడిచాడు. ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచిన కాళ్లు, ఊరికే పోతాయా? ఒహాయో దాటాడు, ఇండియానా దాటాడు, మిసూరీలో నది దాటాడు. టల్సా దాకా పోయి వాళ్ల స్టేడియం నడిమధ్యలో కర్ర పాతాడు. ఇక్కణ్నించి అక్కడికి ఒకటే గొలుసు. అప్పుడు నేను అరిచాను, 'ఒరే ఫ్లాయిడ్, లాగుదాం పట్టు!' అని. ఇద్దరం కలిసి లాగాం. ఏమైందో తెలుసా? కదిలింది! టల్సా కదిలింది! ఊరు ఊరంతా, ఎండతో సహా, అరమైలు ఇటు జరిగింది! ఇంకొంచెం లాగితే ప్లేఆఫ్ మన రేవులోనే..."

"కాజ్," అన్నాడు ఫ్లాయిడ్.

"ఉండరా. అసలు సంగతి ఇప్పుడే వస్తోంది. మేం లాగుతూ ఉంటే..."

"చాల్లే కాజ్. ఆపు."

ఫ్లాయిడ్ గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. కానీ హోటల్లో పక్క బల్లలవాళ్లు కూడా ఇటు తిరిగారు. అతను కోటు గుండీలు ఒక్కొక్కటే తీశాడు. చొక్కా పైగుండీ కూడా తీశాడు. ఎడమపక్క, మెడ కింద, తెల్లటి కట్టు కట్టి ఉంది.

"జలుబు కాదు హెర్షెల్. గుండె. లోపల ఒక మిషను పెట్టారు. ఆరు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. ఎవరికీ చెప్పొద్దన్నాడు వీడు. జలుబని చెబుదామన్నాడు."

"ఫ్లాయిడ్, నోర్ముయ్యరా," అన్నాడు కాజ్. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"కర్ర పట్టుకుని నాలుగు రోజులు నిలబడ్డాడంట. నాలుగు నిమిషాలు కూడా కాదు. రిఫరీ చెయ్యెత్తాడు, మేం గొలుసు ఎత్తుకుని బయల్దేరాం. మైదానం సగందాకా వచ్చేసరికి మంచు కమ్మేసింది. నాకు ఇక్కడ ఎవరో మోకాలు పెట్టి తొక్కినట్టయింది. పడిపోయాను. ముందు కర్ర నాతోపాటే పడింది. ఆ మంచులో నన్నెవరూ చూడలేదు. గొలుసు బిగుసుకుంటే వీడికి తెలిసింది. వీడు క్లిప్పు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. క్లిప్పు ఊడిపోయింది, గొలుసు ఎటో పోయింది. ఎక్కణ్నించి కొలవాలో ఎవరికీ తెలీకుండా పోయింది. అందుకే రిఫరీ ఆగుదామన్నాడు. లేకపోతే కొలిచేవాళ్లు. మంచులో అయినా కొలిచేవాళ్లు, మా కాళ్ల దగ్గర గీత కనపడితే చాలు, మాకు అలవాటే. వీడు నన్ను భుజాన వేసుకుని లోపలికి తీసుకుపోయాడు. ఇంకో పది నిమిషాలు అక్కడే పడుంటే అయిపోయేదన్నాడు డాక్టరు."

వంటగదిలో పెనం మీద ఏదో మాడుతున్న వాసన వచ్చింది, డొలోరెస్ కదల్లేదు. హెర్షెల్ పేపరు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"సగం గుండు నాకు గీయాలి," అన్నాడు ఫ్లాయిడ్ అతనితో. "వీడికి కాదు."

"ఫ్లాయిడ్, నేను ఊరికే అన్నాను..."

"ఊరికే అనలేదు. నిజంగానే అన్నావు. నేనైనా అదే అంటాను. మనవాడు దాటాడు హెర్షెల్. నేను దగ్గరగా ఉన్నాను, బంతి ఎక్కడాగిందో చూశాను. జానెడు దాటాడు. కొలిచి ఉంటే ఆట అయిపోయేది. ఈరోజు మనూళ్లో ఉండేవాళ్లం అందరం. ఆర్చీ వాళ్ల నాన్న సీట్లో కూర్చునేవాడు. నేను ముప్పై ఏళ్లు ఎదురుచూశాను దీనికోసం. నా ఒక్కడి గుండె నాలుగు నిమిషాలు ఓపిక పట్టలేకపోయింది."

నాకు ఏదో ఒకటి అనాలనిపించింది. నీ తప్పేముందయ్యా అనాలి. కానీ ఆ క్షణంలో నాకు మా నాన్న సీటే కళ్లముందు కనపడింది. అందుకు నామీద నాకే అసహ్యమేసింది, కానీ ఏం చెయ్యను, అదే కనపడింది. హెర్షెల్‌కీ అంతే అయి ఉంటుంది. మనిషి బతికాడు కదా, అది చాలు కదా అని ఒక్కరమైనా పైకి అనొచ్చు. అనలేదు. ఫ్లాయిడ్ మా మొహాలు ఒక్కొక్కటే చూశాడు, చూసి తల దించుకున్నాడు.

కాజ్ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. అతని చేతులు అంత ఖాళీగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. "నాలుగు రోజుల కథా చివరిదాకా చెబుదామనుకున్నాను," అన్నాడు ఎవరివైపూ చూడకుండా. "వీడు మధ్యలో పాడుచేశాడు."

"కాజ్," అన్నాడు ఫ్లాయిడ్. గొంతు మారింది, బతిమాలుతున్నట్టుంది. "నేను కింద పడ్డప్పుడు అరిచాను. నన్ను వదిలెయ్, క్లిప్పు పట్టుకో, కొలత అయ్యాక రా అని. రెండుసార్లు అరిచాను. ఆ గాలిలో నీకు వినపడి ఉండదు. వినపడితే క్లిప్పు వదిలేవాడివి కాదు. ముప్పై ఏళ్లలో ఎప్పుడూ వదల్లేదు కదా. వినపడలేదు, అంతే కదా? అంతే అని చెప్పు."

టీవీలో టల్సావాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు, చప్పుడు లేకుండా. ఇంత జీవితంలో కాజ్ డొంబ్రోవ్‌స్కీని ఒక అబద్ధం చెప్పమని ఎవరూ అడగలేదు, అడక్కుండానే చెప్పేవాడు. మేమంతా అతని నోటివైపే చూస్తున్నాం. ఆ ఒక్క ముక్క అనేస్తే అందరికీ బాగుండేది.

"వినపడిందిరా," అన్నాడు కాజ్.